'అందాల ఆరబోత': ఈ మాటలో కర్త ఎవరు?

ప్రశ్న

సభ్యులందరికీ నమస్కారం. నేను డిగ్రీ విద్యార్థులకు తెలుగు బోధిస్తాను. ఈసారి వ్యాసరచనకు సినిమా పాటల వీడియోల్లో స్త్రీల చిత్రణ అనే అంశాన్ని ఇచ్చాను. ఒక విద్యార్థిని ఎంతో శ్రద్ధగా, అక్కడక్కడ ఆగ్రహంగా కూడా రాసిన వ్యాసంలో "ఈ పాటలో కథానాయిక అందాలు ఆరబోసింది" అన్న వాక్యం కనిపించింది. ఆ మాట మార్చమని అంటే, పత్రికల్లోనూ వెబ్‌సైట్లలోనూ రోజూ ఇలాగే రాస్తున్నారు కదా, ఇందులో తప్పేమిటని ఆ అమ్మాయి అడిగింది. వ్యాకరణరీత్యా ఆ వాక్యానికి వంక పెట్టడానికి లేదు. అయినా వ్యాసం చెప్పదలచినదానికి ఆ ఒక్క వాక్యం ఎదురు తిరుగుతున్నదని నాకు అనిపిస్తున్నది. ఈ పదబంధం ఎలా ఏర్పడిందో, దీని స్థానంలో ఏమి రాయవచ్చో పెద్దలు చెప్పగలరు.

సమాధానం

ముందు మాట నిర్మాణం చూద్దాం. 'ఆరు' ధాతువుకు తుమున్నర్థక రూపమైన ('ఆరడానికి' అన్న అర్థమిచ్చే) 'ఆరన్' మీద 'పోయు' చేరి, ద్రుతం (చివరి నకారం) తరువాతి పకారం బకారం కావడంతో 'ఆరఁబోయు' ఏర్పడింది. అరసున్న రాయడం మానుకున్నాక 'ఆరబోయు'గా మిగిలింది. మన వాడుకలో బట్టలను ఆరేస్తాము, తడిసిన పుస్తకాన్నో చెప్పులనో ఆరబెడతాము, కానీ ఆరబోసేది మాత్రం రాశిగా ఉన్నదాన్నే. వడ్లు ఆరబోస్తారు, మొక్కజొన్నలు ఆరబోస్తారు, మిరపకాయలు ఆరబోస్తారు; చీర ఆరబోశానని ఎవరూ అనరు. అంటే లెక్కకు అందని విడివిడి వస్తువుల కుప్ప అన్న అర్థం 'పోయు' అన్న క్రియలోనే ఉన్నది. కల్లంలోనో, రోడ్డు పక్కనో, మార్కెట్ యార్డులోనో ఆరబోసిన ధాన్యాన్ని దారిన పోయే వారెవరైనా చూడవచ్చు. కొనడానికి వచ్చిన వ్యాపారి పిడికెడు తీసి, తేమ ఎంత ఉన్నదో చూసి, ధర చెబుతాడు.

ఈ క్రియను వెన్నెలకు వాడినప్పుడు ఇబ్బంది లేదు. "పిండి ఆరబోసినట్టు వెన్నెల కాస్తున్నది" అని పల్లెల్లో ఇప్పటికీ అంటారు. అక్కడ చెప్పదలచింది తెల్లదనం, నేలంతా పరచుకోవడం. వెన్నెలను అమ్మేవారూ లేరు, కొనేవారూ లేరు. అదే క్రియ మనిషి ఒంటికి వచ్చేసరికి తెల్లదనం పోయి, పరచడం, పదిమంది చూడడం, సరుకు కావడం మాత్రమే మిగిలాయి.

ఇక 'అందాలు' అన్న బహువచనం. నా దృష్టిలో అసలు పని చేస్తున్నది ఇదే. అందం భావనామం, ఓర్పు, తెలివి, దయ వంటిది. 'ఆమె అందం' అన్నప్పుడు మనిషి మొత్తం ఆ మాటలో ఉంటుంది. దీనికి సహజంగా బహువచనం వచ్చే చోటు ఏదంటే ప్రదేశాల వర్ణన: అరకు అందాలు, కోనసీమ అందాలు, పాపికొండల అందాలు. అక్కడ చూడవలసినవి చాలా ఉంటాయి కనుక, ఒక్కొక్కటే చూసుకుంటూ వెళతాము కనుక బహువచనం చెల్లుతుంది. స్త్రీ విషయంలో 'అందాలు' అన్నప్పుడు కూడా జరుగుతున్నది అదే: నడుము, వీపు, తొడ అని పేర్లు పెట్టి చెప్పడానికి మొహమాటపడిన విలేఖరి, ఆ అవయవాలన్నిటికీ కలిపి ఒక మర్యాదైన బహువచనం వేశాడు. 'అందచందాలు' అన్న పాత జంటపదం ఉన్నది కదా అని ఎవరైనా అనవచ్చు. చందం అంటే తీరు. ఆ జంటలో రూపంతోపాటు మనిషి తీరు కూడా కలిసి ఉన్నది. 'అందాల ఆరబోత'లో తీరుకు చోటు లేదు.

పాట వీడియో చేసే పనిని ఈ బహువచనం ఎంత కచ్చితంగా అనుకరిస్తున్నదో గమనించండి. మామూలుగా ఇటువంటి పాట ఎలా మొదలవుతుంది? డప్పు దరువు మీద మొదట ఒక కాలు కనిపిస్తుంది, పట్టీ ఉంటే పట్టీ, లేకపోతే ఎత్తు మడమల చెప్పు. తరువాత నడుము. తరువాత వెనుక నుంచి వీపు, దాని మీద ఊగే జడకుచ్చులు. చుట్టూ సీసాలు పట్టుకున్న మగవారి ముఖాలు, నోళ్లు తెరుచుకుని, పూర్తిగా కనిపిస్తాయి. ఆ తరువాత గానీ ఆమె ముఖం తెరమీదికి రాదు. పల్లవిలో 'కళ్లు' అన్న మాట వినిపిస్తున్న క్షణంలో కూడా తెరమీద ఉండేది నడుమే కావచ్చు. ముఖం ఉన్నవాళ్లు చూసేవాళ్లు, ముఖం ఆలస్యంగా వచ్చేది చూడబడేది. ఈ పద్ధతిలో చిత్రించిన పాటకు 'అందాలు' అన్న బహువచనం అతికినట్టు సరిపోతుంది. అందుకే ఆ మాట ఇన్నాళ్లు బతికింది.

మూడవది, అన్నిటికంటే ముఖ్యమైనది, కర్త. "కథానాయిక అందాలు ఆరబోసింది" అన్న వాక్యంలో కర్త కథానాయిక, కర్మ అందాలు. ఆ దుస్తులు కుట్టించినవారు, ఆ అడుగు కూర్చిన నృత్య దర్శకుడు, కెమెరాను నేలమీద పెట్టి పైకి తిప్పించిన ఛాయాగ్రాహకుడు, ఎడిటింగు బల్ల దగ్గర ముఖం తీసేసి నడుము ఉంచినవారు, ఇవన్నీ కావాలని అడిగిన దర్శకుడు, డబ్బు పెట్టిన నిర్మాత, వీరిలో ఒక్కరు కూడా వాక్యంలో లేరు. తెలుగులో ఇటువంటి సందర్భాలకోసమే ప్రేరణార్థకం ఉన్నది: చేయడం వేరు, చేయించడం వేరు, ఆడడం వేరు, ఆడించడం వేరు. పదిమంది చేయించిన పనిని ఒకరే చేసినట్టు రాయడం వ్యాకరణ దోషం కాకపోవచ్చు గానీ కథన దోషం అవుతుంది. మీ విద్యార్థిని వ్యాసానికి ఆ వాక్యం ఎదురు తిరగడానికి కారణం ఇదే. వ్యాసమంతా చిత్రణను ప్రశ్నిస్తున్నది. ఆ వాక్యం చిత్రించినవారిని తప్పించి, చిత్రింపబడిన మనిషిని దోషిగా నిలబెడుతున్నది.

ప్రతిపాదన

నమస్కారం. వివరణ బాగున్నది. అయితే మార్చవలసిన మాట తేలికైనదే కదా. "అశ్లీలంగా నర్తించింది" అని రాస్తే సరిపోతుంది. శాస్త్రీయమైన మాట, ఎవరికైనా అర్థమవుతుంది.

సమాధానం

అందులోనూ కర్త మారలేదు చూడండి. 'నర్తించింది' అన్న క్రియ మళ్లీ ఆమెదే. అంతకంటే పెద్ద ఇబ్బంది 'అశ్లీలం' అన్న మాటతోనే ఉన్నది. మన ఆలంకారికులు అశ్లీలాన్ని కావ్యదోషాలలో ఒకటిగా లెక్కించారు. 'కావ్యప్రకాశం' రాసిన సంస్కృత ఆలంకారికుడు మమ్మటుడు దాన్ని మూడు రకాలుగా చెప్పాడు: సిగ్గు కలిగించేది, రోత కలిగించేది, అమంగళాన్ని స్ఫురింపజేసేది. మూడింటిలోనూ గాయపడేది విన్నవాడి మనస్సు, సభ మర్యాద. ఎవరి గురించి ఆ మాట అన్నారో వారికి ఏమైందన్నది ఆ లక్షణంలో విచారణకు రాదు. కనుక ఒక పాటను అశ్లీలం అన్నామంటే ఫిర్యాదుదారులం మనం అవుతాము, పిల్లలతో కలిసి చూడలేకపోయామన్న బాధ మనది అవుతుంది. స్త్రీలను కించపరిచిందన్నామంటే ఫిర్యాదుదారు స్త్రీ అవుతుంది. ఈ రెండు ఫిర్యాదులూ ఒకటి కావు. నిండుగా చీర కట్టించి, ఒక్క పచ్చి మాట కూడా లేకుండా, వద్దన్న అమ్మాయి వెంట మూడు చరణాల పాటు పడి చివరికి నవ్వించే పాటలు మనకు వందల్లో ఉన్నాయి. వాటిలో అశ్లీలం ఏమీ లేదు. వద్దన్న మాటకు విలువ లేదని మాత్రం శ్రావ్యంగా చెబుతాయి.

మన చట్టాలు కూడా ఈ రెండు మాటలనూ పక్కపక్కనే పెట్టాయి. స్త్రీల అసభ్య చిత్రణ నిషేధ చట్టం 1986లో వచ్చింది. అందులోని నిర్వచనంలో స్త్రీ ఆకృతిని గానీ, దేహాన్ని గానీ, దేహంలోని 'ఏ భాగాన్నయినా' గానీ అసభ్యంగానో, స్త్రీలను కించపరిచేటట్టుగానో చూపడం అన్న భావం ఉన్నది. ఉద్దేశం ఏమిటని కాక ప్రభావం ఏమిటని అడగడం, ఆ 'ఏ భాగాన్నయినా' అని చేర్చడం, ఈ రెండూ నాకు నచ్చిన విషయాలు. పైన మనం అనుకున్న బహువచనాన్ని ఆ చట్టం రాసినవారు కూడా గమనించారని అనుకోవచ్చు. అయితే సెన్సారు పరిధిలోకి వచ్చే సినిమాలకు ఆ చట్టంలోనే మినహాయింపు ఉన్నది. వాటికి వర్తించేవి 1991 నాటి ధ్రువీకరణ మార్గదర్శకాలు. స్త్రీలను ఏ విధంగానైనా కించపరిచే దృశ్యాలు ఉండరాదని వాటిలోనూ స్పష్టంగానే ఉన్నది. ఆ మాట ఎన్నిసార్లు అమలైందో మనమందరం చూస్తూనే ఉన్నాము.

కర్త విషయంలో తెలుగు నేల మీదే జరిగిన మంచి ఉదాహరణ ఒకటి ఉన్నది. 2025 మార్చిలో తెలంగాణ రాష్ట్ర మహిళా కమిషన్, సినిమా పాటల్లో కొన్ని నృత్యభంగిమలు స్త్రీలను కించపరిచేటట్టు ఉన్నాయని హెచ్చరిక జారీ చేసింది. ఆ హెచ్చరికను ఎవరిని ఉద్దేశించి చేశారు? దర్శకులను, నృత్య దర్శకులను, నిర్మాతలను. నటీమణులను కాదు. అంతకుముందు కొన్ని వారాలుగా ఆ పాటల మీద నడిచిన చర్చలో మాత్రం ఎక్కువగా నలిగినవి నటీమణుల పేర్లే. వాక్యంలో కర్తను ఎక్కడ పెట్టాలో ఆ ప్రకటన రాసినవారికి తెలిసింది.

అభ్యంతరం

క్షమించాలి, ఒక సందేహం. ఆడింది కాదు, ఆడించారు అని ప్రతిచోటా ప్రేరణార్థకం వేస్తూ పోతే ఆ నటిని కీలుబొమ్మను చేసినట్టు కాదా? ఆమె చదువుకున్న మనిషి, పారితోషికం మాట్లాడుకుని, ఒప్పందం మీద సంతకం చేసి, నెలల తరబడి సాధన చేసి ఆడింది. జ్యోతిలక్ష్మి, జయమాలిని, సిల్క్ స్మిత వంటివారు తెరమీదికి వస్తే హాలు హాలంతా కదిలేది; ఆ ప్రతిభ వారిది కాదా? స్త్రీవాదం పేరిట స్త్రీకి కర్తృత్వం లేకుండా చేయడం నాకు విచిత్రంగా తోస్తున్నది.

సమాధానం

అభ్యంతరం న్యాయమైనది, తేలికగా తీసివేయలేనిది. ప్రతిచోటా ప్రేరణార్థకం వేయమని నేను అనను. నృత్యం ఆమెదే, అక్కడ 'ఆడింది' అనే రాయాలి, బాగా ఆడితే బాగా ఆడిందనీ రాయాలి. జ్యోతిలక్ష్మి కాలం నాటి క్లబ్బు పాటల్లో ఒళ్లు విల్లులా వంగే చురుకుదనం, తాళం మీద పట్టు, ఎల్.ఆర్. ఈశ్వరి గొంతులోని ఆ గమ్మత్తు, వీటిని మెచ్చుకోవడానికి మనం ఎంతో బిడియపడ్డాము. ఆ బిడియం కూడా అవమానమే. కానీ కళాకారిణి ఆడిన ఆట ఒకటి, దానిలో నుంచి కెమెరా కోసి తీసుకున్న ముక్కలు మరొకటి. పూర్తి ఒళ్లు, ముఖంతో సహా కనిపించేటట్టు తీస్తేనే గానీ ఆట ఆటగా తెలియదు. నడుము దగ్గరికి వెళ్లిపోయిన కెమెరా ఆమె ప్రతిభను కూడా కత్తిరించింది, ఎందుకంటే ఆ చట్రంలో ఉన్న నడుము ఎవరిదైనా ఒకటే.

కనుక రెండు క్రియలు వాడుకుందాం. ఆమె చేసినదానికి 'ఆడింది', తీసినవారు చేసినదానికి 'చూపించారు'. తెలుగులో 'చూపు' అన్న క్రియ 'చూచు' ధాతువుకు ప్రేరణరూపం. 'చూపించు' దాని మీద మరొక ప్రేరణ చేరిన రూపం. ఎదుటివాడి చేత చూడజేయడమే చూపించడం. నామవాచకంగా వచ్చే 'చూపు' మన స్త్రీవాద కవిత్వంలో ఎంత బరువైన మాటో ఇక్కడి సభ్యులకు చెప్పనక్కరలేదు. జయప్రభ గారు 'చూపులు' పేరుతోనే కవిత రాశారు. మగచూపు ఒంటి మీద పాకడం ఎటువంటిదో దాన్ని అనుభవించే మనిషి వైపు నుంచి ఆ కవిత చెబుతుంది. ఈ విషయాన్ని చర్చించడానికి అరువు తెచ్చుకున్న పరిభాష లేకపోయినా మనకు పని జరుగుతుందని నా అభిప్రాయం.

ఇదే సందర్భంలో 2021 డిసెంబరులో విడుదలైన 'పుష్ప' చిత్రంలోని ప్రత్యేక గీతాన్ని చెప్పుకోవాలి. చంద్రబోస్ గారి సాహిత్యంలో ఆ స్త్రీ, చీర కట్టినా గౌను వేసినా, రంగు ఏదైనా ఎత్తు ఎంతైనా మగవాడు చూసే చూపు మారదని నేరుగా అంటుంది. మగవారిని కామంతో నిండినవారుగా చిత్రించారని పురుషుల సంఘం ఒకటి ఆంధ్రప్రదేశ్‌లో ఫిర్యాదు కూడా చేసింది. సాహిత్యం ఒక్కటే కాగితం మీద చదివితే ఇది చూపుల మీద నింద. వీడియోలో మాత్రం ఏ చూపును మాట నిందిస్తున్నదో ఆ చూపునే కెమెరా అరువు తీసుకున్నది. మాట ఒక దారి, చిత్రణ ఒక దారి పట్టాయి. ఫిర్యాదు మగవారిని చిత్రించిన తీరు మీద వచ్చింది, ఆమెను చూపించిన తీరు మీద కాదు. భాషాభిమానులుగా మనం పాటలోని పచ్చి మాటలు ఏరడం దగ్గరే ఆగిపోతే ఇటువంటి పాటను అర్థం చేసుకోలేము.

మరో ప్రశ్న

అయితే మన ప్రబంధాల్లో ఆపాదమస్తక వర్ణనలు లేవా? ఒక్కొక్క అవయవానికి ఒక్కొక్క పద్యం రాశారు. అప్పుడు కవిత్వం అయినది ఇప్పుడు కించపరచడం ఎలా అయింది?

సమాధానం

అప్పుడు కించపరచడం కాదని ఎవరన్నారు? ప్రబంధ కవి చాలా చోట్ల ఈనాటి కెమెరా చేసే పనినే పద్యంలో చేశాడు. పద్యం గొప్పదైతే ఆ చూపు నిర్దోషి అయిపోదు. పద్యాన్నీ మెచ్చుకోవచ్చు, చూపునూ గుర్తించవచ్చు. కానీ మన శృంగార సాహిత్యం అంతా ఒకటే అనుకోవడం పొరపాటు. క్షేత్రయ్య పదాల్లో మాట్లాడేది స్త్రీ. ఆమె అలుగుతుంది, ఎగతాళి చేస్తుంది, వచ్చినవాణ్ని గుమ్మం దగ్గరే నిలబెట్టి లెక్కలు అడుగుతుంది. రాసినది పురుషుడే, అయినా పదమంతా ఆమె మనస్సు చుట్టూ తిరుగుతుంది. భామాకలాపంలో సత్యభామ ప్రవేశించగానే "భామనే సత్యభామనే" అంటూ తన పేరు తానే చెప్పుకుంటుంది, ఆ గర్వమే తరువాతి కథకు బీజం అవుతుంది. మన ఐటమ్ పాటల్లోనూ చాలావాటిలో నా పేరు ఫలానా, నా ఊరు ఫలానా అన్న పల్లవి ఉంటుంది. ఆ పేరుకు కథలో వేరే పని ఉండదు. పాట అయిపోగానే ఆ మనిషి సినిమా నుంచి మాయమవుతుంది.

ఆడది తన కోరికను తానే చెప్పినప్పుడు మన సమాజం ఏం చేసిందో 'రాధికా సాంత్వనం' చరిత్ర చూస్తే తెలుస్తుంది. 18వ శతాబ్దంలో తంజావూరు ఆస్థానానికి చెందిన ముద్దుపళని రాసిన ఆ కావ్యాన్ని 1910లో బెంగళూరు నాగరత్నమ్మ గారు పరిష్కరించి ప్రచురిస్తే, అది అశ్లీలమన్న గోల లేచింది, ప్రభుత్వం నిషేధించింది. టంగుటూరి ప్రకాశం గారి ప్రభుత్వ కాలంలో 1947లో గానీ ఆ నిషేధం తొలగలేదు. మగ కవులు ఇంతకంటే పచ్చిగా రాసినవి చెల్లుబాటు అవుతుండగా సిగ్గు అన్నది స్త్రీలకే వర్తిస్తుందా అన్న ప్రశ్నను నాగరత్నమ్మ గారు అప్పుడే వేశారు. 'అశ్లీలం' అన్న మాట చేతికి దొరికితే అది ఎవరి మీద పడుతుందో దీన్నిబట్టి గ్రహించవచ్చు. పైన ఆ మాట వద్దనడానికి నాకున్న రెండవ కారణం ఇది.

ఇంకొక సభ్యురాలి మాట

'ఐటమ్' అన్న మాటను ఎవరూ తాకలేదు. దాని గురించి కూడా రెండు ముక్కలు చెప్పండి. పిల్లలు దాన్ని చాలా మామూలుగా వాడేస్తున్నారు.

సమాధానం

మాట ఇంగ్లీషుదైనా ఈ అర్థం ముంబయి వీధుల నుంచి హిందీ సినిమా ద్వారా మనకు వచ్చింది. దాని అర్థం విషయంలో మొహమాటం అవసరం లేదు, అది మనిషిని జాబితాలోని ఒక పద్దుగా లెక్కించే మాట. 2020 అక్టోబరులో మధ్యప్రదేశ్ మాజీ ముఖ్యమంత్రి కమల్‌నాథ్ ఎన్నికల సభలో ఒక మహిళా అభ్యర్థిని ఈ మాటతో పిలిచి, సభల కార్యక్రమ పట్టికల్లో కూడా ఐటమ్ అని ఉంటుంది కదా, అది అవమానం ఎలా అవుతుందని సమర్థించుకున్నారు. ఆ సమర్థనలోనే అవమానం ఉన్నది. ఎన్నికల సంఘం అటువంటి మాటలు వాడవద్దని ఆయనకు చెప్పింది. 2022 అక్టోబరులో ముంబయిలో పోక్సో (బాలలపై లైంగిక నేరాల) చట్టం కింద కేసులు విచారించే ప్రత్యేక న్యాయస్థానం, ఒక బాలికను వీధిలో ఈ మాటతో పిలిచి వేధించిన వ్యక్తికి ఏడాదిన్నర జైలుశిక్ష వేస్తూ, ఇది స్త్రీని లైంగిక వస్తువుగా చూసే మాట అన్నది. అదే మాట మన పోస్టర్ల మీద పాటకు పేరుగా తిరుగుతున్నది.

పత్రికలు దానికి మర్యాదగా 'ప్రత్యేక గీతం' అంటున్నాయి. ఆ ప్రత్యేకత ఏమిటో ఆ మాట చెప్పదు కనుక నాకు అంతగా నచ్చదు, అయినా తిట్టుకంటే నయం. 'శృంగార గీతం' మాత్రం వద్దు. శృంగారానికి ఇద్దరు ఉండాలి, ఇద్దరికీ మనస్సు ఉండాలి. ఒకరు ఆడుతుండగా నలభైమంది నోళ్లు తెరుచుకుని చూడడం శృంగారం కాదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. చర్చ సారం ఆ విద్యార్థినికి చెప్పాను. తన వాక్యాన్ని తానే ఇలా మార్చుకున్నది: "ఈ పాటలో కథానాయిక చాలా చక్కగా ఆడింది. కెమెరా ఆమె ముఖాన్ని గానీ అడుగులను గానీ పూర్తిగా చూపించక, నడుము దగ్గరే ఆగిపోయింది." రెండవ వాక్యంలో కర్త కెమెరా కావడం మీద నాకు కొంత అనుమానం ఉన్నది, కెమెరా తనంతట తాను ఆగదు కనుక.

సమాధానం

మీ అనుమానం సరైనదే. నృత్య దర్శకుడి పేరు, ఛాయాగ్రాహకుడి పేరు, దర్శకుడి పేరు సాధారణంగా పాట వీడియో కింద వివరాల్లో ఉంటాయి. "ఫలానావారి దర్శకత్వంలో, ఫలానావారు చిత్రీకరించిన ఈ పాటలో" అని మొదలుపెట్టి, క్రియను 'చూపించారు' అని బహువచనంలో ముగించమనండి. వాక్యం కొంచెం పొడవు అవుతుంది, అయినా ఫరవాలేదు.